పడవలు గీసినవాళ్ల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన ఐదు పేజీలూ చదివాను. చిన్న చెక్క పడవల డిజైనర్ల మీద మనమంతా కలిసి ఆన్‌లైన్‌లో కూడబెడుతున్న ఈ సమాచారానికి నీ చెయ్యి కూడా తోడవడం సంతోషం. కానీ ఐదింట్లోనూ మొదటి వాక్యం ఒకటే: ‘ప్రపంచ ప్రఖ్యాత డిజైనర్’. ఐదుగురూ ప్రఖ్యాతులే అయితే ఒకరికీ ఇంకొకరికీ తేడా ఏముంది? ఆ ముక్క కొట్టేసి, ఆ మనిషికి ఎదురైన చిక్కేమిటో రాయి.

హుస్సేన్ సాగర్‌లో పిల్లలు ఒక్కొక్కరే నడిపే బుల్లి తెరచాప పడవలు చూశావా? ముందువైపు మొనదేలి ఉండవు, కత్తితో నరికినట్టు మొండిగా ఉంటాయి. వాటి పేరు ఆప్టిమిస్ట్. ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌తో చేస్తున్నారు గానీ, 1947లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో క్లార్క్ మిల్స్ గీసినప్పుడు అది ప్లైవుడ్ పడవ. పిల్లలకి 50 డాలర్లలో అయిపోయే పడవ కావాలని ఆయన్ని అడిగారు. ప్లైవుడ్ షీటు పొడవేమో 8 అడుగులు. మొన తీద్దామంటే షీటు చాలదు. ముక్కు కోసేశాడు, పడవ 7 అడుగుల 9 అంగుళాల దగ్గర ఆగింది. మిల్స్ ఎలాంటివాడో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అంకెల దగ్గర మాత్రం తొందరపడకు. నేను దెబ్బతిన్నాను కాబట్టే చెబుతున్నా. హెరెషాఫ్ 12½ అనే పడవ ఉంది. రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్‌లో నెథానియెల్ హెరెషాఫ్ 1914లో చేసిన డిజైన్. పేరులోనే అంకె ఉందిగదా అని, పొడవు పన్నెండున్నర అడుగులని ధీమాగా రాసేశాను. అది నీటిగీత పొడవట, అంటే పడవ తేలుతున్నప్పుడు నీళ్లు తాకే చోట కొలిచింది. కొస నుంచి కొసకి దాదాపు 16 అడుగులు! నా పేజీ చూసి ఇంకో ఇద్దరు అదే తప్పు ఎత్తి రాసుకున్నారు. నాది దిద్దుకున్నాను, వాళ్లవి దిద్దించలేకపోయాను. పదిమందీ కలిసి రాసేచోట ఉన్న సుఖమూ కష్టమూ ఇదే. అందుకే ‘పొడవు’ అని రాసిన ప్రతిసారీ ఎక్కడి నుంచి ఎక్కడికో కూడా రాయి. ఇంకోటి, ఈ హెరెషాఫ్ ముందు చెక్కలో సగం పడవ నమూనా చెక్కి, దాని నుంచి కొలతలు తీసేవాడు. కాబట్టి ఆయన పేజీలో ‘బ్లూప్రింట్ గీశాడు’ అన్న నీ వాక్యం నిలబడదు.

మిర్రర్ పడవకి ఒక్క జాక్ హోల్ట్ పేరే రాశావు. బారీ బక్‌నెల్ ఏడీ? ఇంట్లో సొంతంగా వస్తువులు చేసుకోవడం టీవీలో నేర్పించినాయన. పడవ ఇద్దరిదీ. 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లో ఒక దినపత్రిక పేరు మీద, ఎర్ర తెరచాపతో వచ్చింది. ప్లైవుడ్ ముక్కల అంచులకి చిల్లులు పెట్టి, రాగి తీగతో కుట్టి, అతుకుల మీద గ్లాస్ టేపు, అంటే గాజు నూలు పట్టీ, పరిచి రెజిన్ అనే గట్టిపడే జిగురు పూస్తారు. వడ్రంగం రానివాళ్లు కూడా ఇంటి గ్యారేజీలో చేసుకున్నారు.

కుట్టడం అంటే మన మసూలా పడవ గుర్తొస్తుంది. కోరమండల్ తీరంలో పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. ఆ కుట్టు దగ్గర మేకు ఉండదు కాబట్టి, ఒడ్డున విరిగే అలలు కొట్టినా పడవ కాస్త వంగి ఊరుకునేది. మిర్రర్ దీన్ని చూసి పుట్టిందని మాత్రం రాయకు, ఆ మోజు నాకూ ఉండేది. మసూలాకి కూడా ఒక పేజీ పెడదాం. ‘డిజైనర్’ అన్నచోట ఎవరి పేరూ పెట్టలేం. అలాగని ‘అజ్ఞాత శిల్పి’ లాంటి మాటలతో నింపకు, ఖాళీగా ఉండనీ.

ఇయాన్ ఔట్రెడ్ పేజీ నీకే వదిలేస్తున్నాను. ఆస్ట్రేలియాలో పుట్టి, స్కాట్లండ్‌లోని స్కై దీవిలో స్థిరపడి, 2024లో పోయాడు. స్కాటిష్ ఫిషరీస్ మ్యూజియం కోసం ఆయన గీసిన సెయింట్ ఐల్స్ స్కిఫ్‌తో మొదలుపెట్టు. నలుగురు తెడ్లేస్తే ఒకరు చుక్కాని పట్టే పడవ, ఊళ్లోవాళ్లే చేరి కట్టుకునేలా గీశాడు. పొడవు 22 అడుగులు. ఎక్కడి నుంచి ఎక్కడికో నువ్వే సరిచూసి రాయి.

ఆదివారంలోగా పంపు.

మీ అన్నయ్య