మీ ప్రశ్నలు: షార్ట్ ఫిల్మ్ ఓటీటీ ఎక్కాలంటే

ప్రశ్న: మేం నలుగురు ఫ్రెండ్స్ తలా కొంత వేసుకుని 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశామండి. నెట్‌ఫ్లిక్స్‌కి, ప్రైమ్‌కి మెయిల్స్ పెట్టాం, ఎక్కడా రిప్లై లేదు. ముందు యూట్యూబ్‌లో పెట్టేసి ఆ వ్యూస్ చూపించి అడిగితే తీసుకుంటారా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రిప్లై రాలేదంటే సినిమా బాగోలేదని కాదండి, ముందు ఆ బాధ మనసులోంచి తీసేయండి. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు బయటినుంచి నేరుగా పంపినవి అసలు తెరిచి చూడరు, వాళ్లతో ఇప్పటికే సంబంధం ఉన్న ప్రొడ్యూసరో ఏజెంటో లాయరో తీసుకెళ్తేనే చూస్తారు, ఈ మాట వాళ్ల హెల్ప్ పేజీలోనే ఉంటుంది. అమెజాన్‌లో అయితే ఒకప్పుడు ఒక దారి ఉండేది, 2016లో అమెజాన్ వీడియో డైరెక్ట్ అని మొదలుపెట్టి (తర్వాత ప్రైమ్ వీడియో డైరెక్ట్ అయింది) తీసినవాళ్లే అప్‌లోడ్ చేసుకునేలా పెట్టారు, కానీ 2021 ఫిబ్రవరిలో షార్ట్ ఫిల్మ్‌లు, డాక్యుమెంటరీలు అలా తీసుకోవడం ఆపేశారు. అమెజాన్‌లో ఇలా అప్‌లోడ్ చేయండి అని చెప్పే అప్పటి వీడియోలు చూసి ఇప్పటికీ చాలామంది పిల్లలు అక్కడే నెలలు నెలలు పోగొట్టుకుంటున్నారు, చూస్తుంటే చాలా బాధేస్తుంది.

నెలనెలా చందా కట్టే ప్రేక్షకుడిని ఒక్క 22 నిమిషాల సినిమాతో నిలబెట్టుకోవడం ఏ ఓటీటీకైనా కష్టం. అందుకే విడిగా ఒక షార్ట్ ఫిల్మ్ కంటే నాలుగైదు కథలు కలిపిన ఆంథాలజీ అయితే వినడానికి కాస్త ఒప్పుకుంటారు. ఈటీవీ విన్‌లో కథాసుధ పేరుతో చిన్న సినిమాలు వరసగా వేశారు కదా, తెలుగులో అలాంటి చోటు ఒకటి ఉండటం నాకైతే నిజంగా సంతోషం. మీ ఊళ్లోనే మీలాగే తీసినవాళ్లు ఇంకో ముగ్గురు దొరికితే కలిసి వెళ్లండి. లేదంటే అగ్రిగేటర్లు ఉన్నారు, అంటే మన సినిమా తీసుకుని ప్లాట్‌ఫామ్‌లకి చేర్చేవాళ్లు, ముంబైలో పాకెట్ ఫిల్మ్స్ లాంటివాళ్లు షార్ట్ ఫిల్మ్‌ల మీదే పనిచేస్తారు.

యూట్యూబ్ మాత్రం ఇప్పుడే వద్దండి. చాలా ఫెస్టివల్స్ ఆన్‌లైన్‌లో వచ్చేసిన సినిమాని తీసుకోవు, తీసుకున్నా వెనక్కి నెట్టేస్తాయి. బెంగళూరు ఇంటర్నేషనల్ షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ ఉంది, అక్కడ గెలిస్తే ఆస్కార్ పోటీకి అర్హత వస్తుంది, ఆస్కార్ రూల్ ప్రకారం షార్ట్ ఫిల్మ్ 40 నిమిషాలు దాటకూడదు, మీది దాటలేదు, కానీ అంతకంటే ముందే నెట్‌లో పబ్లిక్‌గా పెట్టేస్తే ఆ అర్హత పోతుంది. కాబట్టి ఒక ఏడాది ఫెస్టివల్స్‌కి పంపండి, ఆ తర్వాత అగ్రిగేటర్లు, ఓటీటీలు, ఏదీ కుదరకపోతే అప్పుడు యూట్యూబ్. యూట్యూబ్‌ని తక్కువ చేసి చెప్పట్లేదు, తరుణ్ భాస్కర్, సుజీత్ ఇద్దరూ షార్ట్ ఫిల్మ్‌లు తీసే పెద్ద సినిమాకి వెళ్లారు, కానీ ఒకసారి పబ్లిక్ బటన్ నొక్కాక వెనక్కి రాలేం కదా.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ చెప్పాలి. నలుగురు డబ్బులు వేసుకున్నారు సరే, ప్రొడ్యూసర్ ఎవరు? చట్టం ప్రకారం సినిమా కాపీరైట్ మొదట ప్రొడ్యూసర్‌దే. అది మీ నలుగురి మధ్య కాగితం మీద రాసుకోండి, నటించినవాళ్లు, కెమెరామన్, ఎడిటర్, మ్యూజిక్ చేసినవాళ్లు అందరి దగ్గరా సంతకాలు తీసుకోండి. ఫ్రెండే కదా అని వదిలేస్తారు, రేపు ఓటీటీ లీగల్ టీమ్ అడిగేసరికి ఆ ఫ్రెండ్ దుబాయ్‌లో ఉంటాడు.

ప్రశ్న: మా సినిమాలో హీరోయిన్ రేడియోలో పాత సినిమా పాట వింటుంది. 30 సెకన్లలోపు వాడితే కాపీరైట్ రాదంటున్నారు, కింద క్రెడిట్ కూడా వేశాం. పర్లేదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: లేదమ్మా, 30 సెకన్ల రూల్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు, ఎవరు పుట్టించారో గానీ అందరూ నమ్మేస్తున్నారు. క్రెడిట్ వేయడం మర్యాద, పర్మిషన్ కాదు. పాటలో రెండు రకాల హక్కులుంటాయి, రికార్డింగ్ ఒకటి, సాహిత్యం ట్యూను ఇంకొకటి, కాబట్టి మీ ఫ్రెండ్ చేత మళ్లీ పాడించినా సమస్య పూర్తిగా పోదు. యూట్యూబ్‌లో అయితే పాట హక్కులున్న ఆడియో కంపెనీ క్లెయిమ్ వేసి, యాడ్ డబ్బులు తను తీసుకుని వీడియోని ఉండనివ్వొచ్చు, ఓటీటీలో ఆ వెసులుబాటు ఉండదు, ఆ ఒక్క పాట కోసం సినిమా మొత్తం పక్కన పెట్టేస్తారు. ఆడియో కంపెనీని రాతపూర్వకంగా అడగండి, రేటు ఎక్కువైతే మీ మ్యూజిక్ డైరెక్టర్‌తో ఆ కాలం పాటలా అనిపించే కొత్త పాట చేయించండి. ఇది చేయగలగాలంటే డైలాగు, మ్యూజిక్, ఎఫెక్ట్స్ మూడూ విడివిడి ట్రాకులుగా ఉండాలి, ఫైనల్ మిక్స్ ఒక్కటే దాచుకుంటే డైలాగ్ మీద పడ్డ పాటని పీకలేరు. పనిలో పని మాస్టర్ ఫైల్ కూడా ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే హై క్వాలిటీ ఫార్మాట్‌లో తీసి పెట్టుకోండి, సబ్‌టైటిల్స్ బొమ్మ మీద అంటించకుండా ఎస్‌ఆర్‌టీ ఫైల్‌గా (సబ్‌టైటిల్స్ టెక్స్ట్ ఫైల్) వేరుగా ఉంచండి.

ప్రశ్న: ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేసి 60 వేలు కడితే పది ఓటీటీల్లో వేస్తామంటున్నారు, అగ్రిమెంట్ పంపారు. సంతకం పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఈ వారం ఉత్తరాల్లో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మీదే. ముందు డబ్బు కట్టించుకునే పద్ధతి ఉన్నంతమాత్రాన మోసం అనలేం, కానీ రిస్కు మొత్తం మీదవుతుంది. అమెరికాలో డిస్ట్రిబర్ అని ఒక అగ్రిగేటర్ ఇలాగే ముందు ఫీజు తీసుకుని సినిమాలు ప్లాట్‌ఫామ్‌లకి చేర్చేది, 2019లో మూతపడింది, చాలామంది ఫిల్మ్‌మేకర్లకి రావలసిన డబ్బులు అందులో ఇరుక్కుపోయాయి. వాటా మీద పనిచేసేవాళ్లయితే సినిమా ఆడితేనే వాళ్లకీ వస్తుంది, నేనైతే అటే వెళ్లమంటాను.

అగ్రిమెంట్‌లో ఎన్నేళ్లు, ఏ దేశాలు, ఎక్స్‌క్లూజివా కాదా (అంటే హక్కులు వాళ్లొక్కరికేనా), ఈ మూడూ వేలు పెట్టి చదవండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతోనే జరగాలి, గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అందుకే తెలివిగా రాయించేవాళ్లు పర్పెచ్యువల్ (ఎప్పటికీ), వరల్డ్‌వైడ్ (ప్రపంచమంతా) అని రెండు మాటలు పెట్టేస్తారు, అవి ఉంటే రెండు మూడేళ్లకి తగ్గించమని అడగండి. పది ఓటీటీలు అంటున్నారు కదా, వాటి పేర్లు అగ్రిమెంట్‌లోనే రాయమనండి, ఇన్ని నెలల్లో వేయకపోతే అని గడువు పెట్టి, హక్కులు మీకు తిరిగొచ్చేలా ఒక లైను పెట్టమనండి. కుదరదంటే సంతకం పెట్టకండి బాబూ, 60 వేలతో ఇంకో సినిమా తీయొచ్చు.

ప్రశ్న: ఓటీటీకి సెన్సార్ సర్టిఫికెట్ కావాలా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: అక్కర్లేదు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని ప్లాట్‌ఫామే రేటింగ్ ఇచ్చుకుంటుంది. కానీ జాతీయ అవార్డులకి పంపే ఆలోచన ఉంటే సీబీఎఫ్‌సీ (సెన్సార్ బోర్డు) సర్టిఫికెట్ తప్పనిసరి, వాళ్ల ప్రాంతీయ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, అప్లికేషన్ ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. ఏ ఏడాది అవార్డుకి పంపాలనుకుంటే ఆ ఏడాదిలోపే సర్టిఫికెట్ వచ్చి ఉండాలి, కాబట్టి డిసెంబర్ దాకా ఆగకండి.