కొత్త ఫోన్ ఉంచుకోవాలా, తిరిగిచ్చేయాలా? నేను టాకో బండి దగ్గర తేల్చుకున్నాను

కొత్త ఫోన్ కొని తొమ్మిది రోజులైందని, తిరిగిచ్చే గడువు ఇంకా అయిదు రోజులే ఉందని, ఇంట్లో అంతా బాగానే పనిచేస్తున్నా ఉంచుకోవాలో వద్దో తేలడం లేదని మీరు నాకు రాశారు. నేనైతే ఎలా పరీక్షిస్తానని అడిగారు. కిందటి సెప్టెంబరులో నాదీ అదే పరిస్థితి. అవే 14 రోజులు, అదే తటపటాయింపు.

ఇంట్లో ఏ ఫోనైనా బాగానే ఉంటుందండీ. వైఫై ఉంటుంది, వెలుతురు సరిపోతుంది, చేతులు పొడిగా ఉంటాయి, వెనకాల నిలబడి తొందరపెట్టేవాళ్ళు ఉండరు. నేను వారం రోజులు సోఫాలో కూర్చుని మా పూలకుండీని ఫోటోలు తీశాను. ఏమీ తెలియలేదు. తెలిసింది లాస్ ఏంజలెస్‌లో ఒక పెట్రోల్ బంకు ఆవరణలో, టాకో బండి ముందు నిలబడ్డాకే. టాకో అంటే చిన్న మొక్కజొన్న రొట్టెలో మాంసమో కూరో పెట్టి మడిచి తినే మెక్సికో తిండి.

మేముండేది అమెరికాలో, లాస్ ఏంజలెస్‌కి దగ్గర్లోని ఇర్వైన్‌లో. నెలకోసారి శనివారం సాయంత్రం నలుగురం కలిసి టాకోల కోసం లాస్ ఏంజలెస్ వెళ్తాం. నేను, మా ఆయన, మా ఆయన స్నేహితుడు, అతని భార్య. ఆమె శాకాహారి. మేమిద్దరం కోడి, రొయ్య తింటాం. ఆ స్నేహితుడికి ఏ పట్టింపూ లేదు. ఈ వివరం ఎందుకు చెప్తున్నానో కాస్త ఆగితే తెలుస్తుంది.

టాకో తినడం ఫోన్‌కి గట్టి పరీక్ష. ఒక చేతిలో కాగితం పళ్ళెం ఉంటుంది. రెండో చేతికి నిమ్మరసం, సాల్సా అనే కారప్పచ్చడి, కొవ్వు అంటుకుని ఉంటాయి. టాకో రెండు మూడు నిమిషాల్లో చల్లారిపోతుంది, అడుగున టోర్టియా, అంటే ఆ రొట్టె, తడిసి చిరుగుతుంది. అంటే ఫోన్‌కి దక్కేది పది క్షణాలు. ఆ పది క్షణాల్లో తెరుచుకుని, ఫోటో తీసి, మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయే ఫోన్ నాకు కావాలి.

మొదటి సంగతి దారిలోనే తెలిసింది. సాయంత్రం అయిదింటికి బయల్దేరాం. ఎదురెండ. ఫోన్‌ని అద్దం కింద స్టాండుకి తగిలించి, మ్యాప్ పెట్టి, చార్జింగ్‌కి కూడా పెట్టాను. అరగంట తిరక్కుండానే తెర వెలుగు తగ్గిపోయింది, చార్జింగ్ ఆగింది. పాడైందేమోనని నా గుండె జారింది. పాడవలేదు. చుట్టూ 35 డిగ్రీల సెల్సియస్ వరకు వాడుకోమని చాలా కంపెనీలు తమ ఫోన్లతో పాటే రాసి ఇస్తాయి. ఎండలో అద్దం వెనక వేడి అంతకంటే ఎంతో ఎక్కువ. వేడి పెరిగితే బ్యాటరీని కాపాడుకోవడానికి ఫోనే అలా చేస్తుంది. స్టాండుని ఏసీ గాలి వచ్చే రెక్కల దగ్గరికి మార్చాక పది నిమిషాల్లో మామూలైంది. మీరు నంద్యాలలోనో రామగుండంలోనో ఉంటే ఈ పరీక్ష తప్పకుండా చేయండి. తెర ఎంత మసకబారినా మ్యాప్ చదవగలుగుతున్నారా లేదా అన్నది చూసుకోవాలి.

మేం వెళ్ళింది లా బ్రేయా, వెనిస్ వీధులు కలిసే మూలన ఉండే లియోస్ టాకోస్ బండికి. అక్కడ అందరూ చూడ్డానికి వచ్చేది అల్ పాస్తోర్. కారం, మసాలా పట్టించిన పందిమాంసం పొరలు పొరలుగా ఇనుప చువ్వకి గుచ్చి, నిలువుగా నిలబెట్టి, పక్క నుంచి మంట పెట్టి తిప్పుతుంటారు. దాన్ని త్రోంపో అంటారు. స్పానిష్‌లో త్రోంపో అంటే బొంగరం. పైన లావుగా, కింద సన్నగా అచ్చం బొంగరంలాగే ఉంటుంది. చూడగానే మనకి హైదరాబాదు షవర్మా గుర్తొస్తుంది. చుట్టరికం ఉంది మరి. మధ్యప్రాచ్యం నుంచి మెక్సికోకి వలస వెళ్ళినవాళ్ళు తమతో తీసుకెళ్ళిన పద్ధతే అక్కడి మసాలాలతో కలిసి ఇలా మారింది. ఆ ఎర్రరంగు కొంత ఎండుమిరపది, కొంత అచియోతే గింజలది. అవి మన జాఫ్రా గింజలే.

త్రోంపో నెత్తిన అనాసపండు ఉంటుంది. బండి మీది మనిషి ఒక చేత్తో టాకో పట్టుకుని, రెండో చేత్తో మాంసం చెక్కి, చివర్లో కత్తిని పైకి ఒక్క విసురు విసురుతాడు. అనాస ముక్క గాల్లో ఎగిరి వచ్చి టాకోలో పడుతుంది. అంతా ఒక్క క్షణం. నా కొత్త ఫోన్‌కి అదే అసలు పరీక్ష అయింది.

మొదటి మూడుసార్లూ పోయింది. ఒకసారి ముక్క ఇంకా పండు మీదే ఉంది. రెండోసారి టాకోలో పడిపోయింది. మూడోసారి గాల్లోనే దొరికింది గానీ పసుపుపచ్చ గీతలా సాగిపోయింది. చీకటి పడేసరికి ఫోన్ తనంతట తానే నైట్ మోడ్‌లోకి వెళ్ళింది. ఆ మోడ్ వరసగా చాలా ఫోటోలు తీసి వాటిని ఒకటిగా కలుపుతుంది. నిలబడి ఉన్న చెట్టుకీ గోడకీ అది వరం. కదిలే చేతికి పనికిరాదు. దాన్ని ఆపేసి, వాల్యూమ్ బటన్‌తో వరసగా ఫోటోలు తీసే సెట్టింగు పెట్టాను. నాలుగోసారి దొరికింది. ముక్క గాల్లో ఉంది, అంచున రసం బొట్టు కూడా కనిపిస్తోంది.

పక్కనే మా ఆయన తన మూడేళ్ళ పాత ఫోన్‌తో అవే ఫోటోలు తీశారు. కొత్త ఫోన్ కొన్న ప్రతివాళ్ళకీ నేను చెప్పే మాట ఇదే: పాతదాన్నీ వెంట తీసుకెళ్ళండి. కదలని పళ్ళెం ఫోటోలు రెండిట్లో దాదాపు ఒకేలా వచ్చాయి. తేడా వచ్చింది కదిలే చేతుల దగ్గర. పాత ఫోన్‌లో అనాస ముక్క ఒక్కసారీ దొరకలేదు. మీకు కదిలే పిల్లలో కుక్కపిల్లో ఉంటే ఈ తేడాకి డబ్బు పెట్టొచ్చు. ఫోటో తీసేది ఎక్కువగా పూలకుండీలనైతే పాత ఫోనే చాలు.

వీడియోలో ఇంకో తిరకాసు వచ్చింది. బండి మీది ఎల్ఈడీ దీపాల వల్ల తెర మీద నల్లటి చారలు పాకుతున్నాయి. అమెరికాలో కరెంటు సెకనుకి 60 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ఇండియాలో 50 సార్లు. చవకరకం దీపాలు ఆ లయకి తగ్గట్టు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. కెమెరా సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రొ మోడ్‌లో షటర్‌ని సెకనులో 60వ వంతుకో 120వ వంతుకో కట్టేస్తే ఇక్కడ చారలు చాలామటుకు పోతాయి. ఇండియాలో అయితే 50వ వంతు, 100వ వంతు. నా ఫోన్‌లో పోయాయి.

దగ్గరి నుంచి తీసే ఫోటోలే నన్ను నిరాశపరిచాయి. టాకోకి ఒక జానెడు దూరంలోకి వెళ్ళగానే ఫోన్ చెప్పాపెట్టకుండా రెండో కెమెరాకి మారిపోతుంది. దాని సెన్సర్ చిన్నది, రాత్రిపూట ఫోటో అంతా నూకలు చల్లినట్టు వస్తుంది. కొత్తిమీర ఆకు ఏదో, ఉల్లి తరుగు ఏదో తెలియలేదు. అలా మారకుండా సెట్టింగుల్లో ఆపేసి, రెండడుగులు వెనక్కి వచ్చి, రెండింతలు జూమ్ పెట్టి తీస్తే చక్కగా వచ్చింది. ఇది ముందే తెలియకపోతే కెమెరానే మంచిది కాదనుకుని తిరిగిచ్చేసేదాన్ని.

ఇక పట్టింపుల సంగతి. బండి మీద బోర్డంతా స్పానిష్‌లోనే ఉంది. కెమెరా పెడితే తెర మీదే ఇంగ్లీషులోకి మార్చి చూపించే సదుపాయం కొత్త ఫోన్‌లో ఉంది, వేగంగానే పనిచేసింది. కానీ "పాస్తోర్" అన్నచోట "గొర్రెల కాపరి" అని వచ్చింది. మాటకి అర్థం అదే, తప్పు లేదు. తినేది మాత్రం పందిమాంసం. గొర్రె అనుకుని ఎవరైనా ఆర్డర్ ఇచ్చేస్తారు. "లెంగువా" అంటే నాలుక అని చూపించింది, అది ఆవుదని చూపించలేదు. కాబట్టి మనవాళ్ళకి పనికొచ్చే మాటలు ఇక్కడే రాస్తున్నాను. అసాదా, సువాదేరో, లెంగువా, కబేసా అంటే గొడ్డుమాంసం. పాస్తోర్, కర్నీతాస్, బూచే అంటే పంది. పోయో కోడి, కమరోన్ రొయ్య. శాకాహారులైతే పాపా అంటే బంగాళదుంప, నోపాలెస్ అంటే నాగజెముడు మట్టలు. అవి దొరికినచోట తినొచ్చు గానీ, పక్కన పెట్టే చిక్కుడు గింజల ముద్దని పందికొవ్వుతో వండే అలవాటుంది, "మాంతేకా" వేశారా అని అడగాలి. ఈ విషయంలో ఫోన్‌ని నమ్మకండి, మనిషిని అడగండి. మా స్నేహితుడి భార్య అలా అడిగే, ఆ రాత్రి ఏం తినొచ్చో తేల్చుకుంది.

నా మనసు ఫోన్ వైపు మొగ్గింది మాత్రం ఫోటోల వల్ల కాదు. ఏడున్నరకి అమ్మకి వీడియో కాల్ చేశాను. నంద్యాలలో అప్పటికి ఆదివారం ఉదయం ఎనిమిది. కాస్త దూరంలో పేవ్‌మెంట్ మీద ఇంకో చిన్న బండి ఉంది. ఒకావిడ మొక్కజొన్న పిండి ముద్దలు చేసి, నొక్కి, పెనం మీద టోర్టియాలు కాలుస్తోంది. ముందుగా "ప్వేదో తోమార్ ఉనా ఫోటో?" అని అడిగాను. చేతులూ పెనమూ అయితే పర్లేదు, ముఖం వద్దని సైగ చేసింది. కెమెరాని పెనం వైపే తిప్పాను.

అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "ఏమే పాపా, జొన్నరొట్టె మాదిరే ఉండాదే! యేం పిండి అది?" అంది. మొక్కజొన్నమ్మా, సున్నపు నీళ్ళలో ఉడికించి నానబెట్టి, కడిగి రుబ్బుతారు అన్నాను. "సున్నమా? ఆకులోకి ఏసుకునే సున్నమేనా?" అని నోరు తెరిచింది. అదే. ఆ సున్నం వల్ల గింజ పైపొట్టు ఊడిపోతుంది, పిండికి జిగురొచ్చి విరగకుండా రొట్టె అవుతుంది, గింజలో ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. మెక్సికోలో వేల ఏళ్ళుగా చేస్తున్న పని. అమ్మ వంటింట్లోకి కేకేసి నాయన్ని కూడా పిలిచింది.

కానీ అమ్మ ఇంకో మాట కూడా అంది. "సద్దే లేదే, పెనం మీద చిటపట ఇనపడల్యా." పక్కనే జనరేటర్ మోగుతోంది. ఫోన్ ఆ మోతని పూర్తిగా తీసేసింది, దాంతోపాటు పెనం చప్పుడునీ తీసేసింది. నా గొంతు ఒక్కటే స్పష్టంగా వినిపిస్తోంది. కాల్ నడుస్తుండగానే మైక్ సెట్టింగు మార్చి చుట్టుపక్కల చప్పుళ్ళని కూడా రానిచ్చాను. "ఆ, ఇప్పుడు ఇనపడతాండాది" అంది అమ్మ. పన్నెండు నిమిషాలు మాట్లాడాం. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. పాత ఫోన్‌తో అదే వీధిలో ఎన్నిసార్లు ప్రయత్నించినా రెండు నిమిషాలు నడిచేది కాదు.

ముఖాల గురించి ఒక మాట. 2025 జూన్‌లో లాస్ ఏంజలెస్‌లో ఇమిగ్రేషన్ అధికారుల దాడులు మొదలయ్యాక వీధి బండ్ల వాళ్ళు ఎంతోమంది భయంతో ఇళ్ళలోనే ఉండిపోయారు. కాలిఫోర్నియాలో పేవ్‌మెంట్ మీద అమ్ముకోవడం నేరం కాదని 2019 నుంచి చట్టం ఉంది, అయినా భయం భయమే. మనమూ వలస వచ్చినవాళ్ళమే, ఆ భయం మనకి అర్థం కావాలి. కొత్త ఫోన్ చేతికి రాగానే కెమెరా సెట్టింగుల్లో ఫోటోతో పాటు చోటు వివరాలు నమోదవకుండా ఆపేయండి. అడగకుండా ఎవరి ముఖమూ తీయకండి.

జిడ్డు చేతుల పరీక్షలో తెర కింది వేలిముద్ర నాలుగుసార్లలో మూడుసార్లు పనిచేయలేదు. తుడుచుకున్నాక పనిచేసింది. ఒకే బొటనవేలిని రెండుసార్లు నమోదు చేశాక కొంచెం నయం. పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే తాళం తీయకుండానే కెమెరా తెరుచుకుంటుంది కాబట్టి ఫోటోలకి ఇబ్బంది రాలేదు. డబ్బు కట్టేటప్పుడు వచ్చింది. వెంట నోట్లు ఉన్నాయి గనక సరిపోయింది. చాలా బండ్ల దగ్గర నోట్లే మేలు.

మర్నాడు మధ్యాహ్నం లాస్ ఏంజలెస్‌లోనే బాయిల్ హైట్స్ అనే పేటలో మరిస్కోస్ హాలిస్కో బండికి వెళ్ళాం. రొయ్యలు పెట్టి మడిచి, నూనెలో వేయించి, పైన టమాటా సాల్సా, అవకాడో ముక్కలు వేసి ఇస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో తెర చదవగలిగాను, అంతే. ఫోటో ఒకటే తీశాను, మిగతా సమయమంతా తినడానికే పోయింది. శనివారం నిండుగా బయల్దేరిన బ్యాటరీ రాత్రి పదకొండుకి ఇల్లు చేరేసరికి 31 శాతం ఉంది. మ్యాప్, కాల్, వందకి పైగా ఫోటోలు కలిపి అది నాకు చాలు.

ఫోన్ ఉంచుకున్నాను. వేలిముద్ర సంగతి ఇప్పటికీ నచ్చదు, కానీ అమ్మ పెనం చప్పుడు విన్నాక మిగతావి చిన్నవైపోయాయి.

మీకు టాకోలే అక్కర్లేదు. ఊళ్ళో సాయంత్రం మిరపకాయ బజ్జీల బండి ఉంటే అదీ ఇంతే పరీక్ష: నూనె చేతులు, మసక దీపం, పొగ, జనం. గడువు ముగిసేలోపే ఒక సాయంత్రం వెళ్ళండి, మర్నాటికి తేలిపోతుంది. పాత ఫోన్ వెంట తీసుకెళ్ళడం మర్చిపోకండి. పెట్టె, కేబుల్, బిల్లు అప్పటిదాకా పారేయకండి.