12 ఏళ్ల బర్బన్ మామూలు దానికంటే మెరుగా? సీసా దాచి రుచి చూస్తే తెలుస్తుందా?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. 12 ఏళ్లు పీపాలో ఉన్న బర్బన్ (ప్రధానంగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ) నిజంగా మెరుగా అన్నది ఒకటి, పేరు చూడకుండా తాగితే ఆ తేడా పట్టుకోగలమా అన్నది రెండోది. రెండోదానికి ముందు జవాబు చెబుతాను. పట్టుకోగలం, కానీ గ్లాసులన్నింటిలో ఆల్కహాల్ శాతాన్ని సమం చేశాకే. లేకపోతే ఘాటు ఎక్కువున్నదే గెలిచి, ఆ గెలుపు వయసు ఖాతాలో పడుతుంది.

నేను బర్బన్‌కు పేరుపడ్డ అమెరికా రాష్ట్రం కెంటకీలో ఉంటున్నాను కాబట్టి మా మిత్రులకు ఈ ఆట అలవాటే. మొదట్లో సీసాలో ఉన్నది ఉన్నట్టే పోసుకునేవాళ్లం. 45 శాతం ఉన్న పదేళ్ల రసెల్స్ రిజర్వ్ బర్బన్ పక్కన 50.5 శాతం ఉన్న వైల్డ్ టర్కీ 101 పెడితే, దాదాపు అందరి వేలూ 101 వైపే చూపేది, అదే పాతదని. రెండూ ఒకే డిస్టిలరీవి. ఆ మామూలు 101 మీద వయసే రాసి ఉండదు. నీళ్లు కలిపి రెండింటినీ 45 శాతానికి తెచ్చిన రోజు ఓట్లు చీలిపోయాయి, వాదనలు కూడా అప్పుడే రుచిగా మారాయి.

లెక్క సులువు. ఉన్న పరిమాణాన్ని ఉన్న శాతంతో గుణించి, కావలసిన శాతంతో భాగించండి. 45 మిల్లీలీటర్ల 101ని 45 శాతానికి దించాలంటే మొత్తం 50.5 మిల్లీలీటర్లు కావాలి, అంటే ఐదున్నర మిల్లీలీటర్ల నీళ్లు. చెంచాతో కుదరదు. పిల్లల మందు కొలిచే సిరంజి వాడండి, కలిపాక పావుగంట ఆగండి.

ఇక వయసు సంగతి. మన వాళ్లలో చాలామందికి విస్కీ అంటే స్కాచ్ లెక్కే: 12 కంటే 18 గొప్ప, 18 కంటే 25 గొప్ప. బర్బన్ దగ్గర ఆ నిచ్చెన అలా పనిచేయదు. స్కాట్లండ్ చల్లని దేశం. అక్కడ ఎక్కువగా పాత పీపాలే వాడతారు, వాటిలో చాలా భాగం ఒకప్పుడు బర్బన్ నిండినవే. బర్బన్‌కు మాత్రం లోపల కాల్చిన కొత్త ఓక్ పీపానే వాడాలని అమెరికా చట్టం. కొత్త చెక్క, పైగా కెంటకీ వేసవి ఎండ. వెనిల్లా, పాకం రుచులు త్వరగా దిగుతాయి, వాటి వెంటే వగరూ దిగుతుంది. గిడ్డంగి పై అంతస్తుల్లో వేడి ఎక్కువ కాబట్టి అక్కడి పీపాల్లో నీరు ఎక్కువగా ఆవిరై ఆల్కహాల్ శాతం పెరుగుతుంది. కింది అంతస్తులో అదే వయసు పీపాలోది నెమ్మదిగా పండుతుంది, మెత్తగా ఉంటుంది. సీసా మీది అంకె కూడా అందులో కలిపిన వాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు మాత్రమే.

ఒకసారి ఒక మిత్రుడు 18 ఏళ్ల సీసా తెచ్చాడు. కాగితం చుట్టి పోస్తే ఎక్కువమంది దాన్ని చివరి స్థానంలో పెట్టారు, చెక్క నమిలినట్టుందని రాశారు. కాగితం విప్పి ధర తెలిశాక ఇద్దరు ముగ్గురు ఓటు మార్చుకుంటామన్నారు. ఒప్పుకోలేదు! నా మటుకు నాకు 9 నుంచి 12 ఏళ్ల మధ్యవే ఇష్టం. 15 దాటినవాటిలో నచ్చినవి తక్కువ.

వయసును ఎక్కడ వెతకాలంటే, మింగిన తర్వాత. మొదటి క్షణంలో తగిలే తీపిని నమ్మకండి, చిన్న వయసు బర్బన్‌లోనూ మొక్కజొన్న తీపి బాగానే ఉంటుంది. మింగి కాసేపు మాట్లాడకుండా ఉండండి. బుగ్గల లోపలి వైపు ఆరిపోయినట్టు అవుతోందా, ఎండు పొగాకు, తోలు, పాత టేకు బీరువా తెరిచినప్పటి వాసన వస్తున్నాయా చూడండి. వస్తే అది ఎక్కువ కాలం పీపాలో ఉన్నదయ్యే అవకాశం ఉంది.

పోసేవారు ఒకరు, గ్లాసుల స్థానాలు మార్చేవారు ఇంకొకరు ఉండాలి. పోసినవారి ముఖం చూసి కనిపెట్టేవాళ్లు మా గుంపులో ఉన్నారు. గ్లాసులన్నీ ఒకే ఆకారంలో ఉండాలి, ఒక్కోదాంట్లో 15 మిల్లీలీటర్లు చాలు. స్ట్రెయిట్ బర్బన్‌లో (అంటే కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నదానిలో) రంగు కలపడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి ముదురు రంగు చాలా సంగతులు బయటపెడుతుంది. అందుకని దీపం తగ్గించండి. ఏ గ్లాసైనా మొదటి గుక్క మంటగానే ఉంటుంది, కాబట్టి పోటీలో లేని విస్కీ ఏదైనా ఒక గుక్క ముందు తాగండి. నెలల తరబడి అడుగున మిగిలిన సీసాను కొత్తగా తెరిచినదానితో పోల్చకండి, దాని వాసన అప్పటికే సగం పోయి ఉంటుంది. కోడి వేపుడు, మిరపకాయ బజ్జీలు ఆట అయ్యాకే బల్ల మీదకు రావాలి. ఈ నియమం మీదే మా ఇంట్లో ఎక్కువ గొడవలు. అంతవరకు మంచినీళ్లు, ఉత్త బ్రెడ్డు. కారు నడపాల్సినవారు ఆ రోజు పోసే పని తీసుకుంటే మంచిది.

తేడా నిజంగా తెలుస్తోందా అని తేల్చుకోవాలంటే మూడు గ్లాసులు పెట్టించండి: రెండింట్లో ఒకటే, మూడోదాంట్లో వేరేది. వేరేదాన్ని పట్టుకోవాలి. ఊహించి చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి గెలిచి ఊరుకోకండి. మళ్లీ మార్చి పెట్టించండి.

ఇంకో సీసా కొనే ఉద్దేశం ఉంటే నాబ్ క్రీక్ 9, 12 ఏళ్లవి పక్కపక్కన పెట్టండి. రెండూ జిమ్ బీమ్ వాళ్ల తయారీ, రెండూ 100 ప్రూఫ్, అంటే 50 శాతం. నీళ్ల లెక్క అక్కర్లేదు, తేడా దాదాపు వయసుదే. రెండింట్లోనూ వేయించిన వేరుశనగ వాసన తగులుతుంది, దాన్నిబట్టి ఏది ఏదో చెప్పలేరు. మీ దగ్గరున్న 12 ఏళ్ల సీసా వేరే కంపెనీదైతే దాని ప్రూఫ్ ఎంతో రాయండి, దానికి సరిపడే జోడీ చెబుతాను.