ఆడని నాటకానికి అందిన డబ్బు

ప్రశ్న: మాది 20 మంది ఉన్న చిన్న నాటక సమాజం. అందరం ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్స్ చేస్తాం. ఈ సీజన్‌లో నాలుగు నాటకాలు వేయాలనుకున్నాం. మూడు టికెట్ల ధరకే నాలుగూ చూడవచ్చని సీజన్ టికెట్లు పెడితే 120 మంది కొన్నారు. ఆ డబ్బంతా పెట్టి ముందుగా ఒక భారీ చారిత్రక నాటకం వేద్దామని, దానికి పేరొస్తే మిగతా మూడూ వాటంతట అవే నడుస్తాయని మా దర్శకుడు అంటున్నారు. కోశాధికారిగా నాకు భయంగా ఉంది. అవసరమైతే అప్పు ఇస్తామని ఇద్దరు సభ్యులు ముందుకొచ్చారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం సరైనదే. మీరు పంపిన లెక్కలను నేను డబ్బులో కాకుండా టికెట్లలో చెబుతాను. ఖాతా పుస్తకం ఎన్నడూ తెరవని సభ్యులకు కూడా అప్పుడు విషయం తేలిగ్గా అందుతుంది.

మీ హాలులో 150 సీట్లు. నాటకానికి నాలుగు ప్రదర్శనలు, అంటే 600 సీట్లు. మామూలు నాటకానికి తెర లేచేలోపే 240 టికెట్ల డబ్బు ఖర్చవుతోంది: రచన అనుమతి, రిహార్సల్ గది అద్దె, సెట్టు, దుస్తులు, ప్రచారం. ఆపైన హాలుకు, లైట్లకు ప్రదర్శనకు 25 చొప్పున మరో 100. మొత్తం 340. నిరుడు మీ నాటకాలకు సగటున 380 మంది వచ్చారు. ఈసారీ అంతేమంది వస్తారనుకుందాం. వారిలో 120 మంది సీజన్ టికెట్ల వాళ్లు కాబట్టి హాలు దగ్గర అమ్ముడయ్యేవి 260 మాత్రమే.

సీజన్ టికెట్ల వల్ల మీ చేతికి వచ్చింది 360 టికెట్ల డబ్బు. దాన్ని మీ సమాజం సంపాదనగా చూడకండి. అది ఆ 120 మందికి మీరు పడిన బాకీ. ఒక్కో నాటకం ఆడినప్పుడు అందులో 90 చొప్పున మీ సొంతమవుతుంది.

ఇప్పుడు దర్శకుడి ప్రణాళిక చూద్దాం. భారీ నాటకానికి తెర లేచేలోపు 480, ప్రదర్శనలకు 100, మొత్తం 580 అవుతుందని రాశారు. ముందే వచ్చిన 360, హాలు దగ్గర 260 కలిపితే 620. మొదటి నాటకం 40 లాభంతో ముగిసినట్టు కనిపిస్తుంది. అందరూ సంబరపడతారు. మీ పాత నిల్వ 150తో కలిపి చేతిలో 190 ఉంటుంది. కానీ రెండో నాటకానికి తెర లేవాలంటే 240 కావాలి! పైగా అక్కడినుంచి ప్రతి నాటకానికీ వచ్చేది 260, ఖర్చు 340. మూడు నాటకాల్లో 240 పోతుంది. సీజన్ మొత్తానికి నష్టం 200.

అసలు విషయం ఇక్కడ ఉంది. 90 చొప్పున న్యాయంగా పంచి చూసినా సీజన్ నష్టం అదే 200. అప్పుడు మామూలు నాటకాలు ఒక్కొక్కటి 10 మిగులుస్తాయి, భారీ నాటకం ఒక్కటే 230 పోగొడుతుంది. ఆ నాటకానికి నాలుగు రోజులూ హాలు నిండినా, మిగిలిన 480 సీట్లూ అమ్ముడైనా, ఇంకా 10 లోటే. ఈ సంగతిని ముందే వచ్చిన డబ్బు మీ కళ్ల నుంచి దాచిపెడుతోంది. పేరు ఎంత గొప్పగా వచ్చినా సీట్లు పెరగవు. ప్రదర్శనలు పెంచితే అంటారా, కొత్తవాళ్లు వస్తేనే ప్రయోజనం. శనివారం రావలసినవారు ఆదివారం వస్తే మీకు మిగిలేది 25 అదనపు ఖర్చు.

అయినా ఆ నాటకాన్ని మానుకోమని నేను చెప్పను. అంతమంది నటులు ఒకే వేదిక మీద నిలబడే అవకాశం చిన్న సమాజాలకు అరుదుగా వస్తుంది, దర్శకుడి తపన నాకు అర్థమవుతుంది. దాన్ని మూడో స్థానానికి జరపండి. ఖర్చు 480 నుంచి 300కు దించండి. నాలుగో నాటకాన్ని ఇద్దరు ముగ్గురు పాత్రధారులతో, తెర లేచేలోపు ఖర్చు 150లో ముగించండి. కోత పెట్టేటప్పుడు రిహార్సల్స్ జోలికి వెళ్లకండి. ప్రత్యక్ష ప్రదర్శనలో మనుషుల శ్రమను యంత్రాల పనిలా కుదించలేమని ఆర్థికవేత్తలు విలియం బామోల్, విలియం బోవెన్ 1966లోనే వివరించారు. తగ్గించగలిగినవి చెక్క, గుడ్డ, రంగు. విప్పి మళ్లీ బిగించగల దిమ్మెలు, తడికెలు ఒక్కసారి చేయించి నాలుగు నాటకాలకూ వాడండి. దుస్తులు కుట్టించే ముందు తోటి సమాజాలను అడగండి.

సీజన్ డబ్బును వేరే ఖాతాలో వేసి, ఏ నాటకం వంతు 90 దానికే తీయండి. అప్పుడు మొదటి నాటకానికి మీ 150, దాని 90 కలిపి సరిగ్గా 240. అది ఆడాక చేతిలో 160, రెండోది ఆడాక 170. మూడోదానికి 170, 90 కలిపితే 260, కావలసింది 300. సభ్యుల అప్పు ఈ 40 కోసమే తీసుకోండి. అప్పో విరాళమో, ఎప్పుడు తీరుస్తారో కాగితం మీద రాసి సంతకాలు పెట్టించండి. స్నేహితుల మధ్య ఇదేమిటని మొహమాటపడకండి. మూడో నాటకం వసూళ్లతో అది తీరిపోతుంది, సీజన్ చివరికి చేతిలో 220 మిగులుతుంది.

ఇంకొక జాగ్రత్త. రచయిత అనుమతి చేతికి రాకముందు ఏ నాటకం పేరూ ప్రకటించకండి. రచనల హక్కులపై దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత మరణించాక కనీసం 50 ఏళ్లు హక్కులు ఉంటాయి, చాలా దేశాల్లో అది 70. రష్యన్ నాటకకర్త చెహోవ్ 1904లో మరణించారు కాబట్టి ఆయన నాటకాలు అందరివీ అయ్యాయి, కానీ నిన్నమొన్నటి అనువాదానికి అనువాదకుడి హక్కు వేరుగా ఉంటుంది. మీ నాలుగింటిలో రెండు అనువాదాలని రాశారు. ముందు ఆ అనువాదకులకు ఉత్తరాలు పంపండి.