జాకెట్టు కొలతలకు కూడా రానంటోంది

ప్రశ్న: మాది తిరుపతి. అమ్మాయికి 19 ఏళ్ళు, డిగ్రీ చదువుతోంది. ఎనిమిదో తరగతి నుంచి లావైపోయానని ఒకటే దిగులు. ఇప్పుడు సంగటి ముద్దలో సగం తుంచి తమ్ముడి పళ్ళెంలో వేసేస్తోంది. ఫోటో అంటే వెనక దాక్కుంటుంది. మా చెల్లెలి కూతురి పెళ్ళికి జాకెట్టు కుట్టిద్దామంటే కొలతలకు రానంటోంది. నేనూ చీర కడితే బస్తాలా ఉంటాను, నాకెప్పుడూ ఈ టెన్షన్ లేదు. వయసుతో పోతుందా?

జవాబు: అమ్మా, దానంతటదే పోతుందని చెప్పలేను. కొందరికి ఇరవై దాటాక తగ్గుతుంది, కొందరికి అప్పుడే ముదురుతుంది. ఫోన్లో ఫిల్టర్ ముఖాలు, పెళ్ళి సంబంధాల మాటలు, అన్నీ ఆ వయసులోనే మీద పడతాయి మరి.

ఎనిమిదో తరగతి అంటే పదమూడేళ్ళు. పెద్దమనిషయ్యే ఆ రోజుల్లో ఆడపిల్లలకు తుంట్లు, తొడల దగ్గర కొవ్వు చేరుతుంది. జబ్బు కాదు, ఎదుగుదల. మగపిల్లాడికి భుజాలు వెడల్పయితే మురిసిపోయే మనమే, ఆడపిల్లను చూసి ‘ఏమే, ఇట్లా లావైపోయినావు’ అంటాం. (అబ్బాయిలకూ ఈ బాధ ఉంది. సన్నగా ఉన్నామని జిమ్ముల చుట్టూ తిరిగేవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.)

‘బస్తాలా’ అని మీరు సరదాకే రాశారు. కానీ అద్దం ముందు మీరు అలా అన్నప్పుడల్లా పక్కనే ఆ పిల్ల ఉంది. తనది మీ పోలికేనని తనకు తెలుసు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, ఆ మాట మాత్రం ఇవాళే మానేయండి.

‘నువ్వేం లావు కాదే’ అని వాదించకండి, నమ్మదు. ఇంకో ముద్ద తినమని వెంటపడకండి. రాత్రి అందరూ కలిసి కూర్చోండి, పళ్ళెం వైపు చూడకుండా కాలేజీ కబుర్లు అడగండి. చాలా రోజులు పడుతుంది.

నెలసరి తప్పినా, కళ్ళు తిరుగుతున్నా, తిన్న వెంటనే బాత్రూమ్‌కెళ్ళి వాంతి చేసుకుంటున్నా, బరువు గబగబా తగ్గుతున్నా ఆగకండి. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, ఏ వేళలోనైనా, తెలుగులోనే.

ఇక జాకెట్టు. చుట్టాలు లేకుండా మీరిద్దరే వెళ్ళండి, టైలరు కొలతలు పైకి చదవకుండా రాసుకోమని ముందే చెప్పండి. రానంటే సరిపోయే పాత జాకెట్టు ఇచ్చి పంపండి. ‘పెళ్ళికి తగ్గుతుందిలే’ అని మాత్రం బిగుతుగా కుట్టించకండి.