టెక్సస్‌లో స్కూల్ స్టార్ శాతం తక్కువుంటే ఆ ఇల్లు వదులుకోవాలా?

మీరు చూసిన ఇంటి తాలూకు ప్రభుత్వ స్కూల్లో స్టార్ (STAAR, టెక్సస్ రాష్ట్రం ఏటా పెట్టే పరీక్ష) ఫలితం 56 శాతం, పక్క స్కూల్లో 70 శాతం, మరి రెండోదే మంచిదా అని అడిగారు. ఆ రెండు అంకెలతో మాత్రం తేల్చకండి.

ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం. రెండు చోట్లా 400 మంది రాశారనుకోండి. 70 శాతం స్కూల్లో పేదింటి పిల్లలు 40 మంది, వాళ్లలో 10 మంది మీట్స్, అంటే తరగతికి తగ్గ స్థాయి, అందుకున్నారు. మిగతా 360 మందిలో 270. మొత్తం 280. 56 శాతం స్కూల్లో పేదింటి పిల్లలు 240 మంది, వాళ్లలో అందుకున్నది 96. మిగతా 160 మందిలో 128. మొత్తం 224. ఇప్పుడు విడదీయండి. పేదింటి పిల్లల్లో అక్కడ 25 శాతం, ఇక్కడ 40. మిగతావాళ్లలో అక్కడ 75, ఇక్కడ 80. ఏ గుంపు తీసుకున్నా తక్కువ శాతం ఉన్న స్కూలే ముందుంది! మొత్తం అంకెను కిందకి లాగింది పిల్లల కలబోత, చదువు చెప్పే తీరు కాదు.

మీ రెండు స్కూళ్ల సంగతీ ఇదేనని కాదు, చూస్తేనే తెలుస్తుంది. టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ఏటా ఒక్కో స్కూలుకి టాపర్ (TAPR) అనే ఫలితాల నివేదిక పెడుతుంది. అందులో తరగతి, సబ్జెక్టు వారీగా వరసలుంటాయి, పిల్లల వర్గాలు నిలువు గడుల్లో ఉంటాయి. 'ఎకనామికలీ డిసడ్వాంటేజ్డ్' గడి చూడండి. ప్రధానంగా ఉచిత, తగ్గింపు ధర భోజనానికి అర్హులైన పిల్లలే ఇందులోకొస్తారు. తగ్గింపు ధర హద్దు కేంద్ర పేదరిక రేఖకి 185 శాతం ఆదాయం.

చాలామంది తప్పు చేసేది ఇక్కడ: కింది నుంచి పైకి అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అనే మూడు స్థాయిల శాతాలు కూడేస్తారు. అప్రోచెస్ అంకెలో మిగతా రెండూ కలిసే ఉంటాయి, కూడకూడదు. అప్రోచెస్ అంటే పాసయ్యారంతే. పోల్చడానికి మీట్స్ వరసే పట్టుకోండి. గడిలో నక్షత్రం గుర్తు (*) కనిపిస్తే పిల్లలు మరీ తక్కువమంది, వివరం దాచారని అర్థం. తరగతిలో 60 మందే ఉంటే ఒక్క పిల్లాడు తప్పినా 1.7 శాతం కదులుతుంది, కాబట్టి మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకోండి. ఒకే వర్గంలో మూడేళ్లూ వెనకబడితే అప్పుడు నిజంగా ఆలోచించాల్సిందే.

ఒక్కో స్కూలుకి ఏజెన్సీ ఎ నుంచి ఎఫ్ దాకా ఇచ్చే గ్రేడులో 'స్కూల్ ప్రోగ్రెస్' భాగం విడిగా చూడండి. నిరుటి నుంచి ఈ ఏటికి అదే పిల్లలు ఎంత ఎదిగారో, ఇంతే పేదరికం ఉన్న వేరే స్కూళ్లతో పోలిస్తే ఎక్కడున్నారో అందులో తెలుస్తుంది. పరీక్ష మూడో తరగతిలో మొదలవుతుంది. అందుకని రెండో తరగతి దాకానే ఉన్న స్కూలుకి కనిపించే గ్రేడు జతపరిచిన వేరే స్కూలుది కావచ్చు, కనుక్కోండి. సంతకం పెట్టేముందు ఇంటి అడ్రసు స్కూల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో కొట్టి ఏ స్కూలు పరిధో మీరే చూసుకోండి, అమ్మకపు ప్రకటనలో రాసింది నమ్మకండి.