ధర ముందుగా నువ్వు చెప్పకు: డొమైన్ పేరు అమ్మకం గురించి మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానికి జతచేసిన బ్రోకరు ఈమెయిలూ చదివాను. బావగారు 2006లో మీ నాయనమ్మ పేరు మీద దుకాణం వెబ్‌సైట్ చిరునామాగా తీసుకున్న డాట్‌కామ్ డొమైన్ పేరును ఇప్పుడు ఎవరో కొంటామంటున్నారని, ఈ రాత్రికే ఒక ధర రాసి పంపాలనుకుంటున్నానని రాశావు. దయచేసి ఒక్క రెండు రోజులు ఆగు. ఆ ఈమెయిలు తీరు చూస్తే వెనక ఒక పెద్ద సంస్థ ఉన్నట్టే ఉంది. అలాంటి బేరంలో మనం రాసే మొదటి నాలుగు వాక్యాలే తర్వాతి సంగతులన్నిటినీ నిర్ణయిస్తాయి. ఈ మాట నేను నష్టపోయి చెబుతున్నది.

2011లో నా దగ్గరున్న ఒక పేరు కోసం ఒక సంస్థ మనిషి సరిగ్గా మధ్యాహ్నం భోజనం వేళ ఫోన్ చేశాడు. కుడిచెయ్యి కంచంలో ఉండగానే ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడాను. "మీరెంత అనుకుంటున్నారు సార్?" అన్నాడు. కాసేపు ఆలోచించి "లక్షా ఇరవై వేలు" అన్నాను. ఆ మాట నా నోట్లో ఇంకా పూర్తికాకముందే అతను "సరే సార్, మెయిల్ పెడతాను" అన్నాడు. కొనేవాడు ఒక్క రూపాయైనా తగ్గించమని అడగలేదంటే, నేను చెప్పిన అంకె వాళ్లు మనసులో పెట్టుకున్న అంకెకు చాలా కిందనే ఉందని అప్పుడే తెలిసింది. ఒకసారి నోటితో అన్న ధరను పెంచడానికి మనసొప్పక ఆ ధరకే ఇచ్చేశాను. రెండు నెలలు తిరగకుండానే ఆ పేరుతో ఊరంతా హోర్డింగులు వెలిశాయి. అందుకే నీకు ముందుగా చెబుతున్నాను, ధర వాళ్ల నోటి నుంచే రానివ్వు.

ఇది డబ్బు విషయం మాత్రమే కాదు, దీని వెనక న్యాయపరమైన చిక్కు ఒకటి ఉంది. డాట్‌కామ్ వంటి పేర్ల మీద వచ్చే తగాదాలకు 1999లో ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ యూడీఆర్‌పీ అనే విధానాన్ని తెచ్చింది. దాని ప్రకారం ఫిర్యాదు చేసిన సంస్థ మూడు విషయాలు రుజువు చేయాలి. డొమైన్ పేరు తన ట్రేడ్‌మార్క్‌ను తికమకపెట్టేటంతగా పోలి ఉందని, మనకు ఆ పేరు మీద న్యాయమైన ప్రయోజనం లేదని, మనం దాన్ని దురుద్దేశంతో తీసుకుని దురుద్దేశంతోనే వాడుతున్నామని. ఆ ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లకు పెట్టిన ఖర్చుకు మించిన ధరకు అమ్మడమే ముఖ్యోద్దేశంగా పేరు తీసుకోవడం దురుద్దేశానికి ఒక రుజువని ఆ విధానంలోనే రాసి ఉంది. కెనడాలో మైక్ రో అనే పదిహేడేళ్ల కుర్రవాడు తన పేరుకు 'సాఫ్ట్' చేర్చి మైక్‌రోసాఫ్ట్ డాట్‌కామ్ అని పెట్టుకున్నాడు. మైక్రోసాఫ్ట్ తరఫు న్యాయవాదులు అతని ఖర్చుల కింద 10 డాలర్లు ఇస్తామన్నారు. అతను 10,000 డాలర్లు అడిగాడు. ఆ అడగడాన్నే వాళ్లు దురుద్దేశానికి సాక్ష్యంగా చూపించారు. 2004లో అది లోకమంతా తెలిసి, చివరికి ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. కుర్రవాడి ఉద్దేశం మంచిదే కావచ్చు గాని, కాగితం మీద మిగిలింది ఆ అంకె ఒక్కటే.

మీ సంగతి అలాంటిది కాదు. ఆ పేరు మీ నాయనమ్మది. దుకాణం బోర్డు మీదా, బిల్లు పుస్తకం మీదా, చీరలు పెట్టి ఇచ్చే సంచుల మీదా ఏళ్ల తరబడి ఉన్నది. యూడీఆర్‌పీ కింద పేరు తీసుకున్ననాడే దురుద్దేశం ఉండాలి కాబట్టి, ఆ సంస్థ ట్రేడ్‌మార్క్ 2006 తర్వాత పుట్టినదైతే ఫిర్యాదు నిలవడం చాలా కష్టం. ఇదే నీ అసలు బలం. బేరమంతా దీని మీదే నిలబడుతుంది. పొలం అమ్మేటప్పుడు లింకు డాక్యుమెంట్లన్నీ ముందే సిద్ధం చేసుకుంటాం కదా, ఇక్కడా అలాగే చెయ్యి. దుకాణం లైసెన్సు, 2006 నాటి రిజిస్ట్రేషన్ రసీదు, పాత బిల్లులు, పేపర్లో వేయించిన ప్రకటనలు, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దొరికే మీ వెబ్‌సైట్ పాత పేజీలు, అన్నీ తేదీల వారీగా ఒకచోట పెట్టు. మన దేశంలోనూ 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకు కూడా ట్రేడ్‌మార్క్‌కు ఉండే లక్షణాలున్నాయనీ, ఒకరి పేరును మరొకరు తమదిగా చలామణీ చేయడాన్ని ఆపే సూత్రం దానికి వర్తిస్తుందనీ తీర్పు చెప్పింది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ అయిన సత్యం ఇన్ఫోవే తన పేరులోని అక్షరాలతో కల్పించుకున్న 'సిఫీ' అన్న మాట గురించిన కేసు అది. ముందునుంచి వాడుతున్నవారికి ఎంత విలువ ఉంటుందో అందులో తెలుస్తుంది.

మీకు డాట్‌ఇన్ పేరు కూడా ఉందని రాశావు. దానికి డాట్‌ఇన్ పేర్లను చూసే నిక్సీ సంస్థ వారి వేరే విధానం వర్తిస్తుంది. అక్కడ దురుద్దేశంతో తీసుకోవడం గాని, వాడడం గాని, ఏదో ఒకటి రుజువైతే చాలు. అందుకని ఆ పేజీని ఖాళీగా వదిలేయకుండా దుకాణం పేజీకే మళ్లించి ఉంచు.

పేజీ అన్నాను కాబట్టి మరొక జాగ్రత్త చెప్పాలి. అమెరికాలో ఉజీ నిస్సాన్ అనే ఆయన తన ఇంటిపేరుతో కంప్యూటర్ వ్యాపారం నడుపుతూ 1994లో నిస్సాన్ డాట్‌కామ్ తీసుకున్నాడు. 1999లో కార్ల సంస్థ దావా వేసింది. ఏళ్ల తరబడి పోరాడి ఆయన పేరును నిలబెట్టుకున్నాడు గాని, తన వెబ్‌సైట్‌లో కార్లకు సంబంధించిన ప్రకటనలు ఉంచడం మాత్రం న్యాయస్థానంలో ఆయనకు వ్యతిరేకంగా పోయింది. ఈ బేరం నడిచినన్నాళ్లూ మీ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ వ్యాపారానికి సంబంధించిన ఏ ప్రకటనా కనబడకూడదు. 'ఈ పేరు అమ్మబడును' అన్న బోర్డు అసలే వద్దు.

తర్వాత, ఆ పేరు ఇంతకీ ఎవరి పేరు మీద ఉందో చూశావా? ఆ రోజుల్లో వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రవాళ్లు పేరును తమ ఈమెయిలుతో, తమ పేరు మీదే రిజిస్టర్ చేసేవారు. దుకాణదారులు ఏటేటా డబ్బు కడుతూ అది తమదే అనుకునేవారు. రిజిస్ట్రార్, అంటే డొమైన్ పేరును నమోదు చేసే కంపెనీ, దగ్గరున్న ఖాతాలోకి వెళ్లి యజమాని పేరు ఎవరిదో, గడువు ఎప్పటివరకు ఉందో చూడు. బావగారి పేరు మీద ఉంటే ఇంకో రెండేళ్లకు రెన్యువల్ చేయించి, పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల భద్రత పెట్టు. వేరేవారి పేరు మీద ఉంటే ఆ పని ముందు చక్కబెట్టుకోవాలి. అయితే యజమాని వివరాలు మారిస్తే చాలా రిజిస్ట్రార్ల దగ్గర 60 రోజుల పాటు పేరును మరో రిజిస్ట్రార్‌కు తరలించడానికి వీలుండదు. ఆ సంగతి తెలిసి మార్చు.

ఇక ఎవరు కొంటున్నారన్నది. ఈమెయిలు రాసినాయన తాను చిన్న ప్రాజెక్టు కోసం అడుగుతున్నానన్నాడు. పెద్ద సంస్థలు తమ పేరు తెలిస్తే ధర పెరుగుతుందని ఇలా బ్రోకర్ల ద్వారా రావడం మామూలే, దాన్ని మోసంగా తీసుకోనక్కర్లేదు. నువ్వు మాత్రం ట్రేడ్‌మార్క్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఆ మాట కోసం వెతుకు. ఎవరైనా ఆ పేరుకు ఈమధ్య దరఖాస్తు పెట్టి ఉంటే, వాళ్ల అవసరం ఎంతటిదో, ఎప్పటికి కావాలో కొంత తెలుస్తుంది. పెద్ద సంస్థ కదా అని దాని ఆస్తిని చూసి ధర కట్టకు. వాళ్లు వేరే పేరుతోనూ బతకగలరు. టెస్లా కార్ల సంస్థ 2016 వరకు టెస్లామోటర్స్ డాట్‌కామ్ అన్న పేరుతోనే నడిచింది. టెస్లా డాట్‌కామ్ కొనడానికి పదేళ్లకు పైగా కాలం, 1.1 కోట్ల డాలర్లు పట్టాయని ఎలాన్ మస్క్ 2018లో చెప్పారు. అంత ధర పలకడం మాట ఎలా ఉన్నా, అంతకాలం వాళ్లు ఆగగలిగారన్నది గుర్తుపెట్టుకో.

మొదటి జవాబు ఇలా రాయమంటాను: "మీ ఉత్తరం అందింది. ఈ పేరు 2006 నుంచి మా కుటుంబ వ్యాపారానికి వాడుకలో ఉంది. మేము దీన్ని అమ్మకానికి పెట్టలేదు. మీరు ఎవరి తరఫున రాస్తున్నారో, ఏ ప్రతిపాదన చేయదలచుకున్నారో తెలియజేస్తే కుటుంబంతో మాట్లాడి చెబుతాము." ఇంతకు మించి ఒక్క మాట వద్దు. ఇంకెవరో ఎక్కువ ఇస్తామంటున్నారని లేనిది కల్పించకు. వాళ్ల పోటీదారుకు అమ్ముతామని బెదిరించడం మరీ ప్రమాదం, అదీ దురుద్దేశం కిందికే వస్తుంది. ఫోన్‌లో మాట్లాడవలసి వస్తే, పెట్టేసిన వెంటనే మాట్లాడుకున్న విషయాన్ని నాలుగు వాక్యాల్లో ఈమెయిలుగా పంపు.

వాళ్లు ఒక అంకె చెప్పాక నీ దగ్గర రెండు లెక్కలు ఉండాలి. మొదటిది, ఆ పేరు వదులుకుంటే మీకు అయ్యే ఖర్చు. కొత్త వెబ్‌సైట్, కొత్త బోర్డులు, సంచులు, విజిటింగ్ కార్డులు, పాత చిరునామాకు వచ్చి తిరిగిపోయే కొనుగోలుదారులు, విదేశాల నుంచి పండక్కి ఆర్డర్లు పంపే కుటుంబాలకు కొత్త పేరు చెప్పుకోవడానికి పట్టే ఏడాది రెండేళ్ల కాలం, ఇవన్నీ రాసి కూడు. ఆ మొత్తానికి కింద ఎంత మంచిమాటలు చెప్పినా ఇవ్వకూడదు. రెండోది, అలాంటి పేర్లు బహిరంగంగా ఎంతకు అమ్ముడయ్యాయన్నది. నేమ్‌బయో వంటి జాబితాల్లో పాత అమ్మకాలు దొరుకుతాయి. ఇంగ్లీషు మామూలు మాటలకు పలికిన కోట్ల ధరలు చూసి మనసు పాడుచేసుకోకు. మనిషి పేరుకు, తెలుగు మాటకు కొనేవాళ్లు చాలా తక్కువమంది.

ధర తగ్గించవలసి వచ్చినప్పుడు ఊరికే తగ్గించకు. "ఆ ధరకు ఒప్పుకుంటాము గాని, ఏడాది పాటు మా పాత ఈమెయిళ్లు మాకు చేరేలా మీరు ఏర్పాటు చేయాలి" అన్నట్టు, ప్రతి మెట్టుకూ ఒకటి అడుగు. వాళ్ల వైపు మాట్లాడే మనిషికి సంతకం చేసే అధికారం ఉండదు. న్యాయ విభాగం, ఆర్థిక విభాగం ఒప్పుకోవాలి. అందువల్ల వారాల తరబడి మౌనం ఉంటుంది. ఆ మౌనానికి భయపడి మళ్లీ నువ్వే ఉత్తరం రాసి ధర తగ్గించడం చాలామంది చేసే పని. దాని బదులు, నువ్వు ఇచ్చే ప్రతి ధరకూ ఒక ఆఖరు తేదీ పెట్టు.

ఒప్పందం దగ్గర నీ దృష్టంతా ఒకచోట ఉండాలి. ఆ సంస్థ న్యాయవాది పంపే పత్రంలో "డొమైన్ పేరుతో పాటు దానికి సంబంధించిన సమస్త హక్కులు, గుడ్‌విల్" అన్న మాటలూ, "ఇకపై ఈ పేరును గాని, పోలిన పేరును గాని వాడబోము" అన్న హామీ ఉండవచ్చు. సంతకం పెడితే మీ దుకాణం బోర్డు మీది నాయనమ్మ పేరును కూడా మీరు దించవలసి వస్తుంది. మీరు అమ్ముతున్నది ఇంటర్నెట్ చిరునామా ఒక్కటే. దుకాణం పేరు మీదేనని, దాన్ని ఇప్పటిలాగే వాడుకుంటారని ఒప్పందంలో స్పష్టంగా రాయించు. ముందునుంచి పేరు వాడుతున్నవారికి 1999 ట్రేడ్ మార్కుల చట్టం 34వ సెక్షన్‌లో రక్షణ ఉంది గాని, మనమే సంతకం పెట్టి వదులుకున్నాక ఆ సెక్షన్ మీద ఆధారపడలేం. "ఈ పేరు మీద ఇంకెవరికీ ఏ హక్కూ లేదు" అన్న హామీ ముందు "మాకు తెలిసినంతవరకు" అని చేర్పించు. మీ బాధ్యత ఎప్పటికీ అందుకున్న ధరకు మించకూడదని కూడా రాయించు. దీనికి ఒక న్యాయవాదికి ఫీజు ఇచ్చి చదివించు; ఈ ఖర్చు దగ్గర వెనకాడకు.

డబ్బు చేతులు మారేది ఎస్క్రో ద్వారానే జరగాలి. కొనేవారు సొమ్ము ఎస్క్రో సంస్థ దగ్గర జమ చేస్తారు. జమ అయిందని ఆ సంస్థ నీకు చెప్పాక నువ్వు పేరును బదిలీ చేస్తావు. పేరు చేరిందని వాళ్లు ఒప్పుకున్నాక సొమ్ము నీకు వస్తుంది. ఎస్క్రో వెబ్‌సైట్‌కు ఈమెయిలులో వచ్చిన లింకు నొక్కి వెళ్లకు, చిరునామా నువ్వే టైప్ చెయ్యి. అచ్చం అలాగే కనబడే దొంగ సైట్లున్నాయి. సొమ్ము జమ కాకుండా బదిలీ కోడ్ ఎవరు అడిగినా ఇవ్వవద్దు. ఫలానా చోట విలువ కట్టించిన సర్టిఫికెట్ తెస్తేనే కొంటామని ఎవరైనా అంటే అది ఆ సర్టిఫికెట్ డబ్బు కోసం వేసిన వల.

బదిలీకి ముందు చేయవలసిన ఒక పని నేను 2011లో మరిచిపోయాను. ఆ పేరుతో ఉన్న ఈమెయిలునే బ్యాంకు ఖాతాకూ, టెలిఫోన్ బిల్లుకూ ఇచ్చి ఉన్నాను. పేరు చేతులు మారిన మూడో రోజు నుంచి నా బ్యాంకు ఉత్తరాలన్నీ కొన్నవాళ్ల పెట్టెలోకి వెళ్లడం మొదలైంది. వాళ్లు మంచివాళ్లు కాబట్టి ఫోన్ చేసి చెప్పారు. బావగారి ఈమెయిలు ఎక్కడెక్కడ ఇచ్చి ఉన్నారో, బ్యాంకు, జీఎస్టీ, ఆదాయపు పన్ను, ఆధార్, కొరియర్ ఖాతాలు, ఒక్కొక్కటీ మార్పించి, కనీసం నెల రోజులు గమనించాకే బదిలీకి ఒప్పుకో.

పన్నుల సంగతి మీ చార్టర్డ్ అకౌంటెంట్‌ను సంతకానికి ముందే అడుగు. ఒప్పుకున్న ధరలో జీఎస్టీ కలిసి ఉందో లేదో రాతలో ఉండాలి. సొమ్ము విదేశం నుంచి వస్తే బ్యాంకు దేని నిమిత్తమని అడుగుతుంది కాబట్టి ఒప్పందం నకలు దగ్గర ఉంచుకో.

బావగారికి ఆ పేరు అమ్మడం అసలు ఇష్టమేనా అన్నది నీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. అది మీ నాయనమ్మ పేరు. ముందు ఆయనను కూర్చోబెట్టి అడుగు. ఆయన సరేనంటే, పై జవాబును నీ మాటల్లో రాసి ఆదివారంలోగా నాకు పంపు. చూసి ఇస్తాను, సోమవారం ఉదయం పంపవచ్చు. రిజిస్ట్రార్ ఖాతాలో యజమాని పేరు ఎవరిదని ఉందో మాత్రం ఈ రోజే చూసి నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య